చూడి ఆవుకి గంజి

రంగం పెద్దమ్మ పోయిందని నాకు మా అమ్మాయి చెప్పింది. మంగళవారం పొద్దున్న, మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. అది వీధిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "మమ్మీ, రంగంవాలీ నానీ నహీ రహీ" అంది. పుట్టినప్పటినుంచీ దానితో నేను తెలుగే మాట్లాడుతున్నాను, అది హిందీలోనే బదులిస్తుంది. చావు కబురు కూడా అలాగే చెప్పింది.

నాకు ఏడుపు రాలేదు. ముందు వచ్చిన ఆలోచన, తిని పోయిందా తినకుండా పోయిందా అని. చెప్పులు వేసుకోకుండానే వెళ్ళాను. నలుగురు ఆడవాళ్ళు ఆమె చుట్టూ కూర్చుని ఉన్నారు. వాళ్ళని దాటుకుని వంట మూలకి వెళ్ళి ఒక్కొక్క గిన్నె మూత తీసి చూశాను. ఒక దాంట్లో గుప్పెడు బియ్యం కడిగి నానబెట్టి ఉంది. పొయ్యి వెలిగించలేదు. వెనకనుంచి ఎవరో, "సచ్చిన మనిసి గిన్నెలు ఎతకతంది, సూడు" అన్నారు. అననీ అనుకున్నాను. డాక్టరు కాగితంలో గుండె ఆగిందని రాశాడు. చివరికి ఎవరికైనా ఆగేది గుండే. ఎందుకాగిందో ఆ కాగితంలో లేదు, నాకు ఆ కాగితం మీద నమ్మకమూ లేదు.

జంషెడ్‌పూర్‌లో మా సిద్ధగోరా వీధిలో ఆమె పేరు ఎవరూ పలకలేదు. రంగంలో పుట్టింది కాబట్టి రంగం పెద్దమ్మ. రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం వైపు ముసలివాళ్ళకి ఇప్పటికీ అది రంగమే. ఒకప్పుడు మనవాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు ఓడెక్కి పోయి అక్కడి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. తర్వాత అక్కడి ప్రభుత్వం పొమ్మంటే ఉన్నదంతా వదిలేసి మళ్ళీ ఓడెక్కారు. పదేళ్ళ పిల్లగా ఆమె అలా వచ్చింది. విశాఖపట్నంలో కాందిశీకుల కాంపులో పెరిగింది. తనలాంటి కాంపు కుర్రాణ్ణే కట్టుకుంది. ఆ పెదనాన్నకి ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పని దొరికితే జంషెడ్‌పూర్ వచ్చారు. ఆయన భట్టీల దగ్గర, ఆమె ఇటుకలూ కంకరా మోసే రేజా పనిలో. పిల్లలు లేరు.

నా సంగతి కూడా ముందే చెప్పేయాలి. నా మిషను కిటికీ పక్కన ఉంటుంది. వీధిలో ఎవరి సంచి ఎంత బరువుందో, ఎవరింటికి ఎవరు ఎన్నిసార్లు వచ్చారో నాకు తెలియకుండా పోదు. నన్ను పోలీసుల్లో చేర్చవలసిందని మా ఆయన వేళాకోళం. అనుమానం పెనుభూతమే గుంటా అని చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది. అయినా ఆ విద్యలో రంగం పెద్దమ్మ ముందు నేను ఓనమాలు దిద్దే పిల్లనే.

రేషన్ డీలరు దగ్గరికి పెదనాన్న వెంట ఆమె ఎప్పుడూ పాలడబ్బా పట్టుకుని వచ్చేది. చిక్కటి తీపిపాలు అమ్మే చిన్న రేకు డబ్బా. రంగంలో బియ్యం ఆ డబ్బాతోనే కొలుస్తారట. డీలరు కాటా మీద తూచి ఇచ్చాక, అక్కడే గోనె పరిచి, డబ్బాతో మళ్ళీ మొత్తం కొలుచుకునేది. వెనక వరుసంతా గొణిగేది. తూకం సరిగ్గానే ఉంది కదా పెద్దమ్మా అని నేనంటే, "కాటా అబద్దమాడతాది. డబ్బాకి నోరు లేదు" అనేది. వరుసలో ఎప్పుడూ ముందుండేది. "ఆకరోడికి కబుర్లే మిగుల్తాయి" అని ఆమె మాట. ఆ మాట ఇప్పుడు మా అమ్మాయి కూడా ఆటో కోసం నిలబడినప్పుడు అంటుంది. తెలుగులోనే అంటుంది.

పెదనాన్న ఉన్నన్నాళ్ళూ వాళ్ళింట్లోంచి ఎండుచేపల వాసన వచ్చేది. రంగం పద్ధతిలో ఎండుచేపని నూరి, మిరపకాయ దట్టించి ఏదో వేపేది. వీధి వీధంతా ముక్కులు మూసుకునేది. రెండేళ్ళ కిందట పెదనాన్న పోయాడు. కొన్నాళ్ళకి వాసన ఆగిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఊరందరి గుట్టూ తెలిసినదాన్ని, ఆ వాసన ఎందుకాగిందని ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

ఆ రోజుల్లోనే ఆమె గంజి కోసం రావడం మొదలుపెట్టింది. మా వీధిలో అన్నం వార్చేది అప్పటికి మా ఇంట్లోనే. మిగతావాళ్ళందరికీ కుక్కర్లే. పొద్దున్న పదిన్నరకి, సరిగ్గా నేను గిన్నె వంచే వేళకి, మూతున్న కేను పట్టుకుని గుమ్మం బయట నిలబడేది.

"ఒలే గుంటా, గంజి పారబోత్తన్నావేటి?"

"నీకేటికి పెద్దమ్మా?"

"బుయ్యాడీ బస్తీ కాడ మాకెరికైనోల్ల ఆవుంది. సూడిది. గంజి పోత్తే బలం కదా."

చూడి ఆవు అంటే ఎవరు కాదంటారు? పోసేదాన్ని. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు, టీ ఇస్తే ముట్టేది కాదు. కేను నిండగానే మూత బిగించుకుని వెళ్ళిపోయేది. మూడు నెలలు గడిచాయి, ఆరు గడిచాయి. ఏడాది తిరిగింది. ఆవు ఈనలేదు. నాకు లెక్కలు రాకపోయినా, ఏడాదిపాటు చూడిగా ఉండే ఆవు ఎక్కడా ఉండదని తెలుసు. పాలు అమ్ముకుంటోందా? గంజి ఎవరికైనా పోసి బదులుగా ఏమైనా పుచ్చుకుంటోందా? నా కుట్టుపనిలో దారం తెగినప్పుడల్లా ఇదే ఆలోచన.

దీనికి తోడు ఒకరోజు ఆమెని సాక్చీ బజారులో చూశాను. లైనింగు గుడ్డ కొనడానికి వెళ్ళి, హోల్‌సేల్ బియ్యం కొట్ల వెనక సందులోంచి వస్తున్నాను. ఆమె ఒక కొట్టు గుమాస్తాతో ఏదో మాట్లాడుతోంది. చేతిలో రేషన్ సంచి. నన్ను చూసి సంచిని కొంగు కింద దాచింది. చాలు. రేషన్ బియ్యం తెచ్చి కొట్లకి అమ్ముకునేవాళ్ళు ఈ ఊళ్ళో కొత్తకాదు. ఇంటికొచ్చి పక్కింటి వదినతో అన్నాను. "రంగం బంగారం సాలక, రేసన్ బియ్యం కూడా అమ్ముకుంటంది." సాయంత్రానికి ఆ మాట వీధి చివరికి వెళ్ళింది. ఆమెకి రంగంనుంచి తెచ్చిన బంగారం ఉందని మా వీధిలో ఎప్పటినుంచో ఒక నమ్మకం. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ నెలలోనే నేను కుక్కరు కొన్నాను. గ్యాసు కలిసొస్తుందని ఇంట్లో చెప్పాను. అసలు కారణం నాకు తెలుసు. మర్నాడు పదిన్నరకి ఆమె కేనుతో వచ్చింది. లోపల కుక్కరు కూత వేసింది. ఆమె తలెత్తి విన్నది.

"మిసను కొన్నావేటి?"

"కొన్నాను పెద్దమ్మా. ఇంక గంజి ఉండదు."

"మంచిదే" అంది. "ఆవుకి సెప్తాలే."

ఆ మాట అనేసి వెళ్ళిపోయింది. నేను గెలిచానని అనుకున్నాను, సిగ్గు లేకుండా రాస్తున్నాను.

రెండు నెలలకి డీలరు దగ్గర కొత్త గొడవ వచ్చింది. కార్డులో పేరున్న ప్రతివాళ్ళూ వచ్చి వేలిముద్ర మిషను మీద వేలు పెట్టాలి, పెట్టనివాళ్ళ పేరు నెలాఖరుకి పోతుంది అన్నారు. నేను పెట్టి వస్తుంటే డీలరు పిలిచి, మీ వీధి రంగం ముసలామెకి నచ్చజెప్పమన్నాడు. ఆమె బియ్యం తీసుకోలేదు, పెదనాన్న పోయినప్పటినుంచీ తీసుకోలేదు అన్నాడు. అంతకుముందు ఆయనే వేలు పెట్టేవాడట. ఆయన పోయాక ఆమె ప్రతినెలా వస్తుందట, సంచి పట్టుకుని ఒక పక్కన నిలబడుతుందట, వేలు పెట్టమనగానే వెళ్ళిపోతుందట.

డీలరు అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. ఆమె వాటా తనే మింగి, ఆమె రాలేదంటున్నాడని. ఎందుకంటే రేషన్ రోజున ఆమె సంచి ఉబ్బెత్తుగా ఇంటికి తిరిగి రావడం నా కిటికీలోంచి నేను చూశాను. ఎవరు దొంగో తేల్చుకోవాలని సాక్చీ వెళ్ళాను. ఆమెకి చెప్పకుండా, ఆమె వెళ్ళే వేళకి వెళ్ళాను.

బియ్యం కొట్ల వెనక లారీలోంచి బస్తాలు దింపుతున్నారు. బస్తా వీపు మీదినుంచి కిందికి జారేటప్పుడు కుట్టు సందుల్లోంచి నాలుగు గింజలు రాలుతాయి. ఆమె ఒక పొట్టి చీపురుతో వాటిని ఊడ్చి పోగేస్తోంది. గింజలతోపాటు దుమ్ము, గోనెపీచు, ఎలకపెంటికలు. చేటలో పోసి చెరుగుతోంది. గుమాస్తా వచ్చి కాలితో ఇంకో చోటు చూపిస్తే పక్కకి జరిగి అక్కడ ఊడ్చింది. చివరికి సంచి అడుగున రెండు గుప్పిళ్ళు పడ్డాయేమో. పైన ఖాళీ గోనెసంచులు మడిచి కూరింది. ఉబ్బెత్తు సంచి అది.

నేను ఒక స్తంభం వెనక నిలబడి ఉన్నాను. ఇంటికి ఆటోలో వచ్చేటప్పుడు నాకు ఆ ఆవు గుర్తొచ్చింది. ఏడాదైనా ఈనని చూడి ఆవు. ఆ ఆవుని నేను రెండు నెలలుగా పస్తు పెట్టాను. ఆటోలో ఎదురుగా కూర్చున్నామె, ఒంట్లో బాగులేదా అని హిందీలో అడిగింది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వేలు మాట ఎత్తాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"నిన్నెవులంపినారు?"

"ఎవులూ పంపలేదు."

"డీలరంపినాడు" అంది. తర్వాత చెప్పింది. కాంపులో బియ్యం పంచే మనిషి ఒకరోజు కాగితం తెచ్చి వాళ్ళ నాన్న చేత వేలిముద్ర వేయించుకున్నాడు. రెండు నెలల బియ్యం ముట్టినట్టు ఆ కాగితంలో రాసుందని తర్వాత తెలిసింది. "మాకు సదువొచ్చా? ఏలెట్టమంటే ఎట్టినాడు నాన్న. ఆ రొండు నెల్లూ పక్కోల్లు వార్చిన గంజే తాగినాం. మాకు సరిపోయింది. సిన్నోడికి సాల్లేదు." సిన్నోడంటే ఆమె తమ్ముడు. మూడేళ్ళవాడు. "ఏలు పెడితే కూడు పోద్ది గుంటా. నాను సూసేను."

ఇక్కడ అలా జరగదని చెప్పబోయాను, కానీ నాకే ఆ నమ్మకం లేదు. డీలరు మంచివాడో కాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు కుక్కరు అటక మీద పెట్టేశాను. రబ్బరు పోయిందని ఆమెకి కబురు చేశాను. పదిన్నరకి కేనుతో వచ్చింది. వార్చేటప్పుడు గిన్నె మూత కొంచెం వదులు చేసి, గంజితోపాటు అన్నం కూడా జారనిచ్చాను. ఆమె కేనులోకి తొంగిచూసి మూత బిగించుకుంది. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ జారనిచ్చాను. మూడోరోజు ఆమె కేను మూత పెట్టకుండా నిలబడింది.

"నీకు వార్చడం సేతకాటం లేదేటి? మెతుకులన్నీ ఇందల్లోనే ఉన్నాయి."

"సెయ్యి జారింది పెద్దమ్మా. ఆవు తింటాదిలే."

"సూడావు మెతుకులు తింటే కడుపుబ్బుద్ది. నీకు తెల్దేటి?"

"కొంచెమే కదా."

"రోజూ కొంచెమేటి?" అని, నా చేతిలోంచి గిన్నె తీసుకుని ఎలా వార్చాలో చూపించింది. ముప్ఫై ఏళ్ళుగా అన్నం వండుతున్న నాకు. ఒక్క మెతుకు జారలేదు. గుమ్మం దాటి నా వంటింట్లోకి ఆమె రావడం అదే మొదలు. ఆ తర్వాత నేను దొంగతనంగా చేయవలసి వచ్చింది. ముందే కొంచెం అన్నం మెత్తగా పిసికి గంజిలో కలిపి, చిక్కగా ఉందేమని అడిగితే కొత్తబియ్యం అనేదాన్ని. ఆమె నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆమెకీ తెలుసు. ఎదురుపడినప్పుడల్లా ఒకళ్ళనొకళ్ళం దొంగల్ని చూసినట్టు చూసుకునేవాళ్ళం. ఆవు గురించి మాత్రం ఇద్దరం మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళం. వీధిలో నేను పుట్టించిన మాటని నేనే తిప్పి చెప్పుకుంటూ వచ్చాను. పుట్టించినంత సులువు కాదది. సగంమంది నన్నే అనుమానంగా చూశారు, ఆ బంగారంలో నాకేదో వాటా ముట్టిందని.

ఆ మంగళవారానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆమె తనంతట తనే వచ్చింది. చేతిలో కేను లేదు.

"డీలరు కాడికి ఎల్దాం రా. ముందు నువ్వెట్టు ఏలు. నీకు బియ్యం పోత్తాడో లేదో సూత్తాను."

ఎందుకు మనసు మారిందో అడగలేదు. అడిగితే మళ్ళీ మారుతుందని భయం. వెళ్ళాం. నేను వేలు పెట్టాను. బియ్యం తూచి పోశాడు. ఆమె నా సంచిలో చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు తన వేలు పెట్టింది. పెట్టేముందు ఆ వేలిని చీరకి తుడుచుకుంది, తుడిచి మళ్ళీ ఒకసారి చూసుకుంది. మిషను తీసుకోలేదు. ఇంకో వేలు పెట్టమన్నాడు. అదీ తీసుకోలేదు. పది వేళ్ళూ పెట్టింది. నలభై ఏళ్ళు ఇటుకలు మోసిన చేతులు. గీతలు ఎక్కడ మిగిలుంటాయి? డీలరు, నిజం చెప్పాలి, చాలా ఓపిగ్గానే ఉన్నాడు. కళ్ళు చూసే మిషను ఆఫీసులో ఉందని, గురువారం తీసుకురమ్మని నాతో అన్నాడు.

"ఏటంటన్నాడు?"

"ఏలు సాలదంట పెద్దమ్మా. కన్ను సూత్తారంట."

ఆమె నవ్వింది. అరవై ఏళ్ళు దాచుకున్న వేలు అది. తీరా ఇస్తే వాళ్ళకి అక్కర్లేకపోయింది. "కన్ను కూడా ఇచ్చేత్తే ఇంకేటడుగుతారో" అంది. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మెట్టు మీద కూలబడింది. మధ్యాహ్నం రెండు దాటింది.

"అన్నం తిను పెద్దమ్మా" అన్నాను. గంజి అనలేదు, ఆవు అనలేదు. వద్దంటుందని తెలిసే అన్నాను.

లేచి లోపలికి వచ్చింది.

ఇంట్లో అందరి తిండీ అయిపోయింది. నా వంతు మిగిలి ఉంది. పప్పు, వంకాయ కూర వేసి ఇచ్చాను. ఆమె పళ్ళెం తీసుకుని వంటింటి మూల గోడకి తిరిగి కూర్చుంది, వీపు నాకు పెట్టి. కాంపులో అలాగే తినేవాళ్ళమని, తినేవాళ్ళని చూస్తే తిననివాళ్ళకి కష్టమని అంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. భుజం ఎముకలు జాకెట్టు కింద కదులుతున్నాయి. ఆ జాకెట్టు నేనే కుట్టాను, ఎప్పుడో, ఇప్పుడు అందులో ఇద్దరు పడతారు. ఆమె నెమ్మదిగా తిన్నది. పళ్ళెం వేలితో తుడిచింది. అప్పుడు తల కొంచెం తిప్పింది.

"ఇంకొంచెం అన్నం ఉందేటి?"

లేదు. గిన్నె ఖాళీ. రెండేళ్ళలో ఆమె తన కోసం నన్ను ఒక్కసారి అడిగితే నా ఇంట్లో అన్నం లేదు. ఇంకెవరైనా అయితే పరవాలేదని లేచి చెయ్యి కడుక్కునేవాళ్ళు. ఆమె లేస్తుందనుకున్నాను.

"వండేత్తాను. పావుగంట" అన్నాను.

"వండు" అంది.

ఎసరు పెట్టాను. అప్పుడే తెచ్చిన సంచిలోంచి బియ్యం తీసి కడిగాను. తొందరలో కడుగు నీళ్ళు సగం నేల మీదే పోశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె గోడవైపునుంచి పొయ్యివైపుకి తిరిగి కూర్చుని ఉంది. ఖాళీ పళ్ళెం ఒడిలో ఉంది. కుడి మోచెయ్యి మోకాలి మీద ఆనించి, ఎంగిలి చెయ్యి పళ్ళేనికి పైగా పట్టుకుంది. వేళ్ళ మీద పప్పు ఎండిపోతోంది. ఎంతసేపని అడగలేదు. ఎన్ని బియ్యం పోశావని అడగలేదు. అన్నం ఉడికేదాకా, ఇస్తారో ఇవ్వరో అన్న చూపు లేకుండా, చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.